గాలయ్య చదివిన మాట

“నాకు పాఠం వద్దమ్మా. ఆ మాట మీ పుస్తకంల ఉన్నదా, లేదా? గదొక్కటి చెప్పు.”

కేతేపల్లి ప్రార్థన మందిరంలో గురువారం మధ్యాహ్నం ఆడవాళ్ల వాక్య పఠనం జరుగుతోంది. చాపల మీద కూర్చున్న ఏడెనిమిది మందీ సైదమ్మ వైపు తిరిగారు. పాస్టరుగారి భార్య రమ చదువుతున్నది ఆపింది. సైదమ్మ నాలుగు వారాలుగా వస్తోంది. పాట రాదు, చదువు రాదు. ఓ మూలన కూర్చుని, అయిపోగానే లేచి వెళ్లిపోతుంది. నోరు విప్పడం ఇవాళే.

“ఏ మాటక్కా?”

“పేరు వెట్టి పిలుస్తున్న, నువ్వు నాదానివి. వాగుల దిగినా నీ ఎంటనే ఉంట, మునగనియ్య... గా మాట.”

“నీకెవరు చెప్పిన్రు?”

“మా ఆయన చదివి వినిపిచ్చిండు. పోయిన నెల దవాఖానల నన్ను ఆపరేషన్‌కు తీస్కపోయేటప్పుడు. అంతకు ముందురోజు ఎవరో వచ్చి ప్రార్థన చేసి, దిండు కింద ఒక కార్డు వెట్టిపోయిన్రు. నేను గజగజ వణుకుతున్న. దాంట్ల ఏమున్నదో జర ఎవలన్న చదువున్రి అన్న. ఆయనే అందుకొని చదివిండు. భయం పోయింది.”

“మంచిదే గదక్కా.”

“ఎల్లుండి మల్లా ఆపరేషన్. ఈసారి పెద్దదట. గొర్ల ఎంట తిరిగేదాన్ని, యాభై ఏండ్లల్ల ఒక్కనాడు మీ దేవుని తల్చుకోలే. నా పేరు ఆయనకు ఎర్కుంటదా? ఆ మాట ఆయనదే అయితే పోయి ధైర్యంగ పండుకుంట. కాదంటే నాతోని కాదమ్మా. నేను పోను.”

సైదమ్మ కొంగుముడి విప్పింది. ప్లాస్టిక్ కవర్లో భద్రంగా దాచుకున్న కార్డు తీసి రమకు అందించింది.

రమ చూసింది. పైన సిలువ బొమ్మ, దాని కింద కల్వకుర్తిలో మూడు రోజుల ఉపవాస కూటాలు, తేదీలు, ఫోన్ నంబరు, దూరం నుంచి వచ్చేవారికి భోజన వసతి కలదు. వెనక్కి తిప్పింది. ఖాళీ. వాక్యమనేది ఒక్కటంటే ఒక్కటి లేదు.

సైదమ్మ భర్త గాలయ్యను రమ ఎరుగును. పెళ్లాన్ని గేటు దగ్గర దింపి, లోపలికి తొంగి కూడా చూడకుండా గొర్ల దగ్గరికి వెళ్లిపోయే మనిషి. ‘మీ దేవుడు మీకు, మా మల్లన్న మాకు’ అని ఒకసారి ముఖం మీదే అన్నాడు. పాపం, భార్య వణికిపోతుంటే చూడలేక నోటికొచ్చింది చెప్పి ఉంటాడు. ఆ సంగతి బయటపెడితే ఈమె ఎల్లుండి దవాఖాన మెట్లు ఎక్కదు. పోనీ అబద్ధం చెబుదామా అంటే ఒళ్లో ఉన్నది బైబిలు.

“లేదా అమ్మా?” సైదమ్మ ముందుకు జరిగింది.

“ఉండక్కా, జర చూడనియ్యి.”

రమ పేజీలు తిప్పింది. పేరు, నీళ్లు, నాదానివి... ఈ మాటలు ఎక్కడో ఉన్నాయి, కానీ ఎక్కడ? కీర్తనల్లో వెతికింది. లేవు. ముందుకు వెళ్లింది. యెషయా గ్రంథం నలభై మూడో అధ్యాయం దగ్గర వేలు ఆగింది.

పైకి చదివింది. పేరు పెట్టి నిన్ను పిలిచాననీ, నువ్వు నా సొత్తనీ, నీళ్లలోంచి దాటేటప్పుడు నీకు తోడుంటాననీ, నదులు నిన్ను ముంచవనీ దేవుడు తన ప్రజలతో చెప్పిన మాటలు.

“ఇంకోపాలి చదువమ్మా.”

మళ్లీ చదివింది. సైదమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. చాలాసేపు ఏడ్చింది.

అక్కడితో ఊరుకోవచ్చు. రమకు మనసొప్పలేదు.

“అక్కా, నీతోని ఒక సంగతి దాచలేను. ఆ మాట పుస్తకంల ఉన్నది, గీ కార్డు మీద మాత్రం లేదు. ఇది మీటింగుల కార్డు. గాలయ్యన్న దీన్ని చూసి చదవలేదు. తనంతల తనే అన్నడు.”

సైదమ్మ కుప్పకూలిపోతుందని రమ భయపడింది. ఆమె మాత్రం కళ్లు తుడుచుకుని, కార్డును కవర్లో పెట్టి, కొంగున గట్టిగా ముడేసుకుంది.

“ఎర్కేనమ్మా. మా ఆయనకు అక్షరం ముక్క రాదు. ఆయన చదువుతుంటే కార్డు మీద సిలువ బొమ్మ తలకిందులున్నది” అంది. “సదువు రానోని నోట్ల గా మాట ఎవలు వెట్టిన్రో తెల్సుకుందామనే గదా, నాలుగు వారాల సంది మీకాడికి వస్తున్న!”