ముసురులో చక్కెర చిలకలు

"శ్రావణంల చక్కెర చిలకలేంది మౌళన్నా? గీ ముసుర్ల పాకం గట్టిపడ్తదా?" పక్క కొట్టు గోవర్ధన్ గుమ్మంలోంచే నవ్వాడు.

మిఠాయి కొట్టు చంద్రమౌళి నవ్వలేదు. "పడకుంటే కుంపట్ల నడుమ ఆరబెడ్త. బిడ్డ పుట్టినరోజు చేస్తున్నం."

"పుట్టినరోజు హోళీకి గదనే! ఉద్యమంల బళ్లు మూతబడ్డ హోళీనాడు పుట్టింది. మానుకోటంత ఎరుకే."

"హోళీ దాక ఆగేటట్టు లేదు తమ్మీ."

గోవర్ధన్ తెచ్చిన గొడుగు అక్కడే మరిచిపోయి, వానలోనే వెళ్లిపోయాడు.

పొయ్యి పక్కన పీట మీద కూర్చున్న భూలక్ష్మికి విషయం అర్థమైపోయింది. ఆరేళ్ల పిల్లే గాని, మహా గడుసుది. ముగ్గురూ వరంగల్ దవాఖానకు పోయి వచ్చిన నాటి నుంచి అమ్మ అన్నం ముట్టడం లేదు. ఆ రోజు డాక్టరు తనను బయట బల్ల మీద కూర్చోబెట్టి, లోపల ఏదో చెప్పాడు. బయటికొచ్చిన అమ్మను నాయినే పట్టుకుని రైలెక్కించాడు. ఇంకేం కావాలి? అమ్మకు పెద్ద రోగం. కూతురి పుట్టినరోజు చూసి పోవాలని ముచ్చట పడుతోంది కాబోలు.

హోళీకి తప్ప అటక దిగని చెక్క అచ్చులు నీళ్లలో నానుతున్నాయి. చంద్రమౌళి పాకంలో పాలు చిలకరించి, తేలిన మురికి తీసి, అచ్చుల్లో పోశాడు. మొదటి వాయి చెమ్మకు చేతికి అంటుకుపోయింది. రెండోదీ అంతే. మొండిగా కుంపట్లు రాజేసి, విసనకర్ర పట్టుకుని కూర్చున్నాడు. సాయంత్రానికి చిలకలు ఎలాగో నిలిచాయి.

వాడకట్టు పిల్లలు గోలగోలగా వచ్చారు. చిలకల తోకలు కొరికారు, వాకిట్లో తడుస్తూ ఉరికారు. భూలక్ష్మి మాత్రం ఉరకలేదు. అమ్మ కొంగు వదలబుద్ధి కాలేదు.

"పో బిడ్డా, ఆడుకో," అంది కమలమ్మ.

"అమ్మా, నాకంత ఎరుకే. నువ్వు పరేషాన్ కాకు. నాయినను నేను చూసుకుంట. చాయ్ పెట్టుడు నేర్చుకుంట."

కమలమ్మకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక బిడ్డ గడ్డం పట్టుకుని ముఖం తనవైపు తిప్పుకుంది.

"నేను పోతనని ఎవలు జెప్పిన్రే నీకు?"

"ఎవలు జెప్పలే. రోజు ఏడుస్తున్నవు గదా. నువ్వు పోయినంక జడ ఎవలేస్తరో అనే జర భయమైతాంది."

చంద్రమౌళి చేతిలో విసనకర్ర ఆగిపోయింది. కమలమ్మ బిడ్డను ఒళ్లోకి లాక్కుంది. చాలాసేపు తల నిమిరింది. చివరికి కళ్లు తుడుచుకుని నవ్వింది కూడా.

"జడ చిన్నమ్మ ఏస్తది. నువ్వు భయపడకు. నాయిన పైలం బిడ్డా."

భూలక్ష్మి పెద్దమనిషిలా తల ఊపింది. అమ్మకు మాటిచ్చాక మనసు కాస్త కుదుటపడి, వాకిట్లో పిల్లల దగ్గరికి వెళ్లింది.

హోళీ నాటికి కమలమ్మ ఉంది, భూలక్ష్మి లేదు.