మధురిమ పక్కనున్నట్టే

అప్పటికి టీవీలన్నీ గదిలో ఎవరున్నారో చూసుకుని మరీ నవ్విస్తున్నాయి. ఎవరిమీద జోకు నడుస్తోందో వాళ్లే లోపలికి వస్తే, టీవీ చప్పున దాన్ని మానేసి ఇంకొకటి అందుకునేది. ముఖం మీద అనకపోతే వివక్ష కాదని చట్టమూ ఒప్పుకుంది.

మేడమీద అద్దెకుంటూ బట్టలు కుట్టే మధురిమ, కొత్త జాకెట్టు పట్టుకుని కిందికొచ్చింది. ఇంటావిడ భ్రమరాంబగారు పడీపడీ నవ్వుతున్నారు. తెరమీద ఓ నటుడు చీర చుట్టుకుని, హిజ్రాలా చప్పట్లు కొడుతూ నడుం తిప్పుతున్నాడు. మధురిమ గడప దాటగానే అతను మాయమై అత్తాకోడళ్ల జోకు మొదలైంది.

ఆవిడ నవ్వు ఆగిపోయింది.

"మామీదేనా, మామ్మగారూ?"

"ఏదోలేవే..."

"ఏ ఇంటికెళ్లినా ఇంతేనండి. నేనెళ్లగానే టీవీ మాట మార్చేస్తాది. అలవాటైపోయింది. జాకెట్టేసుకుని చెయ్యెత్తండి, చంకలో బిగుతేమో చూస్తాను."

జాకెట్టు వేసుకున్నారు గానీ ఆవిడ చెయ్యెత్తలేదు. టీవీ వైపు తిరిగారు.

"ఇదిగో, ఈ పిల్ల ఎప్పుడూ నా పక్కనే ఉన్నట్టు అనుకో. మేడమీదున్నా సరే."

"అలాగేనండి" అంది టీవీ.

ఆవిడ ఒక్క క్షణం ఆలోచించారు. "ఎదురింటి రజాక్‌గారూ ఉన్నట్టే. మా వీధి ఊడ్చే మరియమ్మా ఉన్నట్టే. గుడ్డి గవర్రాజూ ఉన్నట్టే."

తెరమీద ఒక్కో జోకూ మొదలవుతూనే ఆగిపోయింది.

"క్షమించండి. వీళ్లందరూ ఉంటే ఈ కార్యక్రమంలో మీకు చూపించడానికి ఏమీ మిగలదు."

"అయితే కట్టెయ్" అని ఆవిడ చెయ్యెత్తారు. "ఇప్పుడు చూడవే, బిగుతుందా?"