కొండ ఉడుతలు లేచాయా?

"ఉడుతలు లేచాయా?"

గుమ్మం బయట నిలబడే అడిగాడు ఖుష్‌కదం. లోపలికి రమ్మని షకర్‌మో అనలేదు. వాకిలి నిండా అతని గొర్రెలు, రెండు కుక్కలు. గాడిద మీద మూటలు కూడా కట్టేశాడు.

ఒకప్పుడు ఊరికి రుతువులు చెప్పింది అతనే. ఏ పువ్వు పూసింది, ఏ పిట్ట వచ్చింది, విత్తనం ఎప్పుడు చల్లాలి, అన్నీ అతని నోటి నుంచే వినాలి. కళ్లకు పొర కమ్మాక ఆ పని షకర్‌మోకు వచ్చింది. ఖోరోగ్‌లోని పరిశోధన కేంద్రం వాళ్లు ఆమెకు దుర్భిణి ఇచ్చారు. కొండల్లో వసంతం ఎంత ముందుకు జరుగుతోందో తేల్చడం వాళ్ల పని. చూసినదంతా ఆమె పర్వోనా అనే పిల్లకు ఫోన్‌లో చెబుతుంది.

కనుమ కింది ఏటవాలులో కొండ ఉడుతలు చలికాలమంతా బొరియల్లో నిద్రపోతాయి. పైన మంచు జారిపోయి నేల కనబడితేనే లేస్తాయి. అవి లేచాకే ఎవరైనా కనుమ ఎక్కుతారు.

"లేచాయి, నా కళ్లతో చూశాను" అని చెప్పి, కళ్లు బాగున్న రోజుల్లో ఒక వసంతంలో ఖుష్‌కదం తన మందను షకర్‌మో భర్త ఆలిఫ్ చేత కనుమ ఎక్కించాడు. అవి లేవలేదని అతనికి తెలుసు. అవతల సరస్సు ఒడ్డు పచ్చిక ముందు చేరిన మందదే. ఆ కక్కుర్తి. మంచు కరిగాక, విరిగిపడ్డ చరియ కింద ఆలిఫ్ శవం దొరికింది. "వాడి రాత" అని చేతులు దులుపుకున్నాడు ఖుష్‌కదం. ఆ మాట ఆమె కడుపులో నిప్పులా ఉండిపోయింది. ఆ తర్వాత ఏ కాపరీ అతని దగ్గర పనికి చేరలేదు. తన మంద తనే తోలుకుంటున్నాడు.

దుర్భిణి చేతికొచ్చిన నాటి నుంచి షకర్‌మో అతనితో ఒక్క నిజం పలకలేదు. నేల ఆరలేదంది, అతని బార్లీ ఆలస్యమైంది. ఇక మంచు పడదంది, అతని మొలకలు మాడిపోయాయి. ఊరంతా నవ్వింది. పర్వోనాకు మాత్రం ఏనాడూ తప్పు చెప్పలేదు. పాపం, ఆ పిల్ల పని పాడుచేయడానికి మనసొప్పలేదు.

"నిన్నే! లేచాయా?"

షకర్‌మో తల దించుకుంది. తలగుడ్డ కొస వేలికి చుట్టుకుంది. "లేవలేదు పెద్దయ్యా. కొన్నాళ్లు ఆగు."

ఖుష్‌కదం పకపకా నవ్వాడు. "పెద్దయ్యానట! ఎన్నాళ్లకొచ్చిందే ఆ పిలుపు! నన్ను ఆపి పక్క లోయ వాళ్లకి పచ్చిక కట్టబెడదామనా? కింద ఖుబానీ చెట్ల పూత రాలిపోతోంది, ఇంకా లేవకుండా ఉంటాయా? కళ్లు పోయినా ముక్కు పోలేదు నాకు."

"ఒట్టు. లేవలేదు."

"నీ ఒట్లు నేనెరగనా! నువ్వు లేవలేదన్నావంటే అవి లేచి పిల్లల్ని కూడా పెట్టి ఉంటాయి."

గాడిదను అదిలించాడు. దారి దానికి తెలుసు. మంద కదిలింది. ఆపబోయినట్టు షకర్‌మో ఒక అడుగు వేసి ఆగిపోయింది.

పొరుగింటి జైనబ్ గోడ మీది నుంచి తొంగి చూసింది. "పారలేదు కదే నీ ఎత్తు! సరస్సు ఒడ్డు ముసలాడికే దక్కింది పో. ఆ మొహం చూశావా, ఎలా వెలిగిపోతోందో!"

షకర్‌మో లోపలికి వెళ్లింది. పాల టీలో ఉప్పు వేసుకుని, రొట్టె తుంచి నానబెట్టుకుంది. మంద గంటలు వినబడినంతసేపూ తింటూ కూర్చుంది. ఆలిఫ్ పోయాక ఇంత ఆకలి ఎప్పుడూ వేయలేదు.

ఫోన్ మోగింది. పర్వోనా.

"పిన్నీ, పొద్దున కనుమ వైపు ఏం కనబడింది?"

"రాసుకో తల్లీ," అంది షకర్‌మో, "ఇంకా ఒక్క ఉడుతా లేవలేదు."