చప్పుడుకీ చప్పుడుకీ మధ్య

నంబరు ఇరవై మూడు. ఎర్రగా వెలుగుతోంది.

ఆమె ఫోను బల్ల మీద బోర్లించి కళ్ళు మూసుకుంది. ఆరు లెక్కపెడుతూ ఊపిరి లోపలికి. ఆరు లెక్కపెడుతూ బయటికి. పది నిమిషాల తర్వాత చూసింది. ఇరవై ఆరు.

ఫోను కుయ్యిమంది. బ్రెట్ మెసేజీ.

“నరెల్, ఏంటా నంబరు? ఏం చేస్తున్నావ్?”

“జలుబు,” అని కొట్టింది.

“ఆదివారం నుంచీ జలుబేనా? ఇక్కడ భోజనాల దగ్గర అందరికీ చూపించా. మీ ఆవిడ నిన్ను తల్చుకుని వణికిపోతోందిరా అని ఒకటే నవ్వు.”

బ్రెట్ పిల్బారా ఇనుప గనుల్లో లారీ తోలతాడు. రెండు వారాలు అక్కడ, ఒక వారం ఇక్కడ మాండురాలో. క్యాంపులో సిగ్నల్ అంతంత మాత్రం. మాట్లాడితే తెగిపోతుంది. మెసేజీలు వెళ్తాయి. నంబరు వెళ్తుంది. అతనికి కావలసింది అదే.

నంబరు చెప్పేది వేలి ఉంగరం. నల్లటి లోహం. గుండె చప్పుడుకీ చప్పుడుకీ మధ్య ఎడం ఎప్పుడూ ఒక్కలా ఉండకూడదట. స్థిమితంగా ఉన్న మనిషి గుండె కాస్త ముందూ వెనకా అడుగులేస్తుంది. భయపడ్డ గుండె కవాతు చేస్తుంది. ఆ తేడాని ఉంగరం కొలుస్తుంది. తేడా ఎక్కువుంటే పచ్చ. తగ్గితే ఎరుపు. ఆరోగ్యం కోసమని అమ్ముతారు. పెళ్ళిరోజు కానుక అని బ్రెట్ వీధంతా చెప్పుకున్నాడు.

ఏప్రిల్లో పారిపోయే ప్రయత్నం ఒకటి జరిగింది. రెండు రోజుల ముందే నంబరు పడిపోయింది. బ్రెట్ గని నుంచి వచ్చి, రైల్వే స్టేషన్లో రెక్క పట్టుకుని వెనక్కి లాక్కొచ్చాడు. న్యూజిలాండ్ పాస్‌పోర్టుని పెరట్లో మాంసం కాల్చే పొయ్యిలో వేశాడు. ఆ తర్వాత తల్లిని తెచ్చి ఇంట్లో పెట్టాడు. కోడలికి కాపలా.

ఛార్జింగ్ కోసం ఉంగరాన్ని రోజుకి ఇరవై నిమిషాలు తియ్యొచ్చు. ఇరవై ఒకటో నిమిషంలో అతని ఫోను మోగుతుంది.

కొత్త పాస్‌పోర్టు వచ్చేది బుధవారం. ఆక్లాండ్ విమానం గురువారం పదకొండింటికి. బ్రెట్ రావలసింది శుక్రవారం. అందాకా అతనికి అనుమానం రాకూడదు. అంతే పని.

మంగళవారం పక్కింటి మెర్వ్ గోడ మీంచి తొంగిచూశాడు. చేతిలో బకెట్టు. బకెట్టులో నీలి పీతలు.

“ఏమ్మా, బయటికే రావడం లేదు? అలిగావా?” అంటూ ఆమె చెయ్యి చూశాడు. “ఓహో, కొత్త ఉంగరం! మళ్ళీ పెళ్ళా?”

“ఒక్కసారికే తీరిపోయింది ఆ ముచ్చట.”

“వెధవ ఎవడో చెప్పు. ఈ పీతల్ని వాడి లాగులో వేస్తా.”

ఆమె నవ్వింది. నంబరు ముప్ఫైకి వెళ్ళింది. మూడు రోజుల్లో అదే ఎక్కువ.

బుధవారం సాయంత్రం పద్నాలుగుకి పడింది. ఎంత ఊపిరి తీసినా లేవలేదు. ఉంగరం తీసి గోడకేసి కొట్టాలనిపించి లాగింది. కణుపు దగ్గరే ఆగిపోయింది. ఎక్కించడానికే సబ్బు కావలసి వచ్చింది, ఛార్జింగుకి తియ్యడానికీ అంతే.

“ఏప్రిల్లోనూ ఇలాగే పడింది,” అని బ్రెట్ మెసేజీ. “అమ్మేది? ఫోనెత్తదేం?”

“చెవి మిషను తీసి పడుకుంది.”

“లేపు. నీ మీంచి కన్ను తియ్యొద్దని చెప్పు.”

“చెప్తా.”

“తెల్లారి ఫ్లైటుకి వస్తున్నా. కుర్చీలోంచి లేచావంటే నాకు తెలిసిపోద్ది. అది అడుగులు కూడా లెక్కపెడుతుంది.”

గురువారం ఎనిమిదింటికి పెర్త్ రైలు వెళ్ళిపోయింది. ఆమె కుర్చీలోంచి లేవలేదు. ఎనిమిదిన్నర రైలూ వెళ్ళిపోయింది.

తొమ్మిదీ నలభైకి, “పెర్త్‌లో దిగా.”

పదిన్నరకి, “దార్లో ఉన్నా. వచ్చాక చెప్తా నీ సంగతి.”

ఆమె టీ పెట్టుకోలేదు. కిటికీ తెర తియ్యలేదు. గోడ గడియారం చూస్తూ కూర్చుంది. మగాడి కారు ఎప్పుడు మలుపు తిరుగుతుందా అని చెవులు రిక్కించుకుని కూర్చోవడం ఆమెకు కొత్త కాదు. మొదటి దెబ్బ ఏ చెంప మీద పడుతుందో కూడా తెలుసు.

నంబరు తొమ్మిది.

పదకొండైంది. పదకొండూ అయిదు. విమానం లేచి ఉంటుంది.

అప్పుడు నంబరు కదిలింది. పద్దెనిమిది. ఇరవై ఏడు. ముప్ఫై నాలుగు. ఇక చేయగలిగింది ఏమీ లేనప్పుడు గుండె కూడా కవాతు మానేస్తుంది కాబోలు.

పదకొండూ పదికి కారు ఆగింది. తాళం తిరిగింది. గని ఎర్రమట్టి బూట్లతోనే బ్రెట్ లోపలికొచ్చాడు. చీకటి గదిలో, తలుపుకి వీపు పెట్టిన కుర్చీ.

“ఎక్కడికి పోదామనుకున్నావే?”

ఆమె తిరగలేదు.

అతను కుర్చీని విసురుగా తనవైపు తిప్పి, ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండగా, “అమ్మా, ఆ ఉంగరం నీ వేలికెందుకుంది?” అన్నాడు.