ఎండని వడియాలు

అక్షరాలు ఆలస్యంగా నేర్చాను. తప్పులుంటే మన్నించండి.

గోడలు మాట్లాడే కాలం వచ్చాక, ఎవరికేం కావాలన్నా ఇంటి గోడనే అడిగేవారు. గోడ అందరి వెబ్‌సైట్లూ చదివి ఒక్క కొట్టు పేరే చెప్పేది. సూరమ్మ వడియాల కొట్టు పేరు గోడ చెప్పి మూడు నెలలైంది. ఈ నెలా చెప్పకపోతే కొట్టు మూతే.

"మన వెబ్‌సైట్లో, లోకంలోకెల్లా రుచి అని రాద్దాం అత్తయ్యా. అందరూ అదే రాత్తన్నారు," అంది కోడలు కనకం.

"ముసురుకి ఎండి చావలేదే," అని సూరమ్మ ఉన్నమాటే రాయించింది: ఈ వారం వడియాలు పచ్చిగా ఉన్నాయి, కొనకండి.

మర్నాడు వాకిట్లో పదిమంది నిలబడ్డారు.

"కొనొద్దన్నాను కదర్రా."

"అందుకే గోడ నీ పేరు చెప్పింది పిన్నీ. నిజం రాసింది నువ్వొక్కదానివేనంట. ఎండాకే పట్టుకెళ్తాం, మా పేర్లు రాసుకో."

కనకం పేర్లు రాస్తూంటే సూరమ్మ మబ్బుకేసి చూసి, "ఇంక నువ్వే తప్పుకోవాలి నాయనా," అంది.

కంచర్ల మంగతాయారు, 67 ఏళ్లు, ఇప్పుడుండేది సామర్లకోట.