వెనక తలుపు

బొగ్గుబాయి మూతబడి, అదే చోట భూమి లోపలి వేడితో కరెంటు తీయడం మొదలుపెట్టాక కాలనీలో ఏ ఇంట్లోనూ దీపం ఆరింది లేదు, పొయ్యి మీద నీళ్లు కాగిందీ లేదు. నల్లా తిప్పితే చాలు, పొగలు కక్కే నీళ్లు. తలుపేసుకుని ఎవరి వీపు వాళ్లే రుద్దుకునే కాలం వచ్చింది.

ఓదెలు ఇప్పుడు ఆ ఆవిరి కేంద్రంలోనే పనిచేస్తున్నాడు. డ్యూటీ దిగి, మడత నలగని చొక్కాతో ఇంటికొస్తాడు. అయినా బాయిలో దిగిన రోజుల్లోలాగే వెనక తలుపు దగ్గరికే వస్తాడు.

"ఒంటికి మసి లేదు, మన్ను లేదు. ఇంకా ఎనుక నుంచి ఎందుకయ్యా? ముందట్నుంచి రారాదు?" అని కసురుకుంది భార్య రజిత.

అతను గడప బయటే ఆగి చొక్కా విప్పాడు.

"ఒక్కసారి వీపు రుద్దరాదే."

ఆమె గొణుక్కుంటూనే బకెట్ నింపి తెచ్చింది. ఒకప్పుడు ఆ వీపు మీంచి నల్లటి నీళ్లు కారి మోరీలో కలిస్తేనే, మనిషి బాయిలోంచి క్షేమంగా ఇల్లు చేరాడని ఆమె గుండె కుదుటపడేది. ఇప్పుడు ఎంత గట్టిగా రుద్దినా నీళ్లు తేటగానే జారిపోతున్నాయి.

"ఏం పోతలేదయ్యా," అంది, చెయ్యి ఆపి.

"పోకపోతే పాయె. ఇంకొంచెం రుద్దు."