పికిలమ్మకు కిరీటం ఎప్పుడు?

తామరచెరువులో గుండప్ప అనే కప్ప ఉండేవాడు. గట్టు మీది తుమ్మచెట్టున ఉండే పికిలిపిట్టకు అంతటి వీరాభిమాని ఆ చుట్టుపక్కల ఇంకొకడు లేడు.

ఏటా వానలు వెలిశాక చెరువుగట్టున పాటల పోటీ పెడతారు. గెలిచిన పిట్టకు తామరపూల కిరీటం. నాలుగేళ్లుగా గుండప్ప ఆశపడుతూనే ఉన్నాడు, కిరీటం ఇంకెవరి నెత్తికో పోతూనే ఉంది. ఐదో ఏడు కూడా గోరింకకే ఇచ్చారు.

గుండప్ప తిండి మానేశాడు. దోమ వచ్చి ముక్కు మీద వాలినా నాలుక చాపలేదు. చివరికి ప్రాణాలకు తెగించి, తీర్పు చెప్పిన కొంగ దగ్గరికే గెంతాడు.

"కొంగ మావా, మింగితే మింగు. మా పికిలమ్మకు ఏం తక్కువైందో చెప్పి మరీ మింగు."

"ఇవాళ ఏకాదశి, బతికిపోయావు," అన్నాడు కొంగ మావ. "అది ఎలా పాడుతుందో నాకేం తెలుసురా? నోరు తెరవడం ఆలస్యం, నువ్వూ నీ దండూ బెకబెకమంటూ జేజేలు మొదలెడతారు. ఐదేళ్లలో ఒక్క ముక్క నా చెవిన పడితే ఒట్టు. ఇంతకీ నువ్వైనా విన్నావా?"

గుండప్ప వచ్చిన దారినే చెరువులోకి గెంతాడు.

మర్నాడు పొద్దున్నే పికిలిపిట్ట తుమ్మకొమ్మ మీద కూర్చుని తనలో తాను పాడుకుంటోంది. గుండప్ప తామరాకు చాటున నక్కి, రెండు చేతులతో నోరు నొక్కుకుని, పాట మొదటి నుంచి చివరిదాకా విన్నాడు. అసలే ఉబ్బుకళ్లు, నీళ్లతో ఇంకాస్త ఉబ్బాయి.

పోటీకి ఇంకా ఏడాది ఉంది. ఆ రోజు కూడా ఇలాగే నోరు నొక్కుకోగలనా అని వాడికి ఇప్పటి నుంచే బెంగ పట్టుకుంది.